థిన్నరు, పెట్రోలు, స్పిరిటు: వీటితో జాగ్రత్త!

ఈ వారం మూడు ఉత్తరాలకు కలిపి ఒకే జవాబు రాస్తున్నాను. మూడూ మన ప్రాంతంవే.

మొదటి ఉత్తరం ధర్మవరం నుంచి ఒక గృహిణి రాసినది. ఆమె పెళ్లినాటి పట్టుచీర మీద దీపపు నూనె ఒలికింది. నీళ్లతో ఎంత తుడిచినా మరక పోలేదు. పక్కింటావిడ "పెట్రోలు పెట్టి రుద్దితే క్షణంలో పోతుంది" అన్నదట. అలా చేస్తే ఒంటికి ఏమైనా ప్రమాదమా అని ఆమె సందేహం.

రెండవది హిందూపురం నుంచి. స్ప్రే పెయింటింగు షెడ్డులో పనిచేసే 28 ఏళ్ల యువకుడు రాశాడు. సాయంత్రం అయ్యేసరికి తలనొప్పి, వికారం, తూలినట్లుండటం. ఆదివారం హాయిగా ఉంటుంది, సోమవారం మళ్లీ మొదలు. ఈ మధ్య అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. రక్తపోటు చూపించుకున్నాడు, కళ్లద్దాలు మార్చాడు. గుణం కనిపించలేదు.

మూడవది పెనుకొండ నుంచి ఒక అవ్వ రాయించినది. ఇంటికి రంగులు వేసినవాళ్లు మిగిలిన థిన్నరును నీళ్ల సీసాలో పోసి కిటికీలో పెట్టిపోయారు. మూడేళ్ల మనవడు నీళ్లనుకొని ఒక గుక్క తాగాడు. ఇంట్లోవాళ్లు కంగారుపడి ఉప్పునీళ్లు తాగించి కక్కించారు. అంతవరకు బాగానే ఉన్న బిడ్డకు కక్కిన తరువాత దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. వారం రోజులు ఆసుపత్రిలో ఉండి, అదృష్టవశాత్తు కోలుకున్నాడు. "కడుపులో విషం పోవాలనే కదా కక్కించినాము, ఎందుకిట్లయింది?" అని ఆమె అడుగుతున్నది.

చీర మీద మరక, కార్మికుని కాళ్ల తిమ్మిరి, పసివాడి ఆయాసం. ఈ మూడింటికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. మూడింటి వెనుక ఉన్నది ఒకే రసాయన సూత్రం. అది తెలిస్తే ఇంట్లో ఏ సీసాకు ఎంత దూరంలో ఉండాలో, ప్రమాదం జరిగినప్పుడు ఏమి చేయకూడదో తేలికగా బోధపడుతుంది.

నీటి జట్టు, నూనె జట్టు

ఒక పదార్థాన్ని తనలో కరిగించుకునే ద్రవాన్ని ద్రావణి అంటారు. మనకు అన్నిటికన్నా బాగా తెలిసిన ద్రావణి నీరు. నీటి అణువులో ఒకవైపు కొద్దిపాటి ఋణ విద్యుదావేశం, మరొకవైపు ధన విద్యుదావేశం ఉంటాయి. అయస్కాంతానికి రెండు ధ్రువాలున్నట్లే దీనికీ రెండు కొసలున్నాయన్నమాట. ఈ గుణాన్నే ధ్రువత్వం అంటారు. ఉప్పు, చక్కెర కూడా ఈ జట్టువే కనుక నీటిలో ఇట్టే కరుగుతాయి. నూనె, నెయ్యి, మైనం, కొవ్వు అణువులకు ఇటువంటి కొసలు లేవనే చెప్పాలి. అవి నీటిలో కరగవు. పెట్రోలు, కిరసనాయిలు, టర్పెంటైను, హెక్సేను, బెంజీను, టోలీను వంటి ద్రవాలదీ నూనె జట్టే. కనుకనే నూనె వాటిలో కరుగుతుంది. జాతి జాతితో కలుస్తుందన్నదే మొత్తం సూత్రం.

ధ్రువత్వం ఎక్కువ తక్కువలను అంచనా వేయడానికి డైఎలక్ట్రిక్ స్థిరాంకమనే కొలత ఒకటి ఉంది. గది వేడిమి దగ్గర నీటికి ఆ అంకె సుమారు 80. మిథైల్ ఆల్కహాలుకు 33, మామూలు సారా అయిన ఇథైల్ ఆల్కహాలుకు 24 పైన, గోళ్లరంగు తుడిచే ఎసిటోనుకు 21. క్లోరోఫారానికి వచ్చేసరికి 5 లోపు. టోలీనుకు, బెంజీనుకు 2 కన్నా కొంచెం ఎక్కువ. హెక్సేనుకు 2 కన్నా కొంచెం తక్కువ. అంకె పెద్దదైతే నీటి జట్టు, చిన్నదైతే నూనె జట్టు. ఆల్కహాలు, ఎసిటోను వంటివి మధ్యవర్తులు. నీటితోనూ కలుస్తాయి, కొన్ని జిడ్డు పదార్థాలనూ కరిగిస్తాయి.

ఈ శాస్త్రం మన ఇళ్లలో రోజూ జరుగుతున్నదే. హిందూపురం మార్కెట్టు మిరపకాయ కొరికి చెంబెడు నీళ్లు తాగితే మంట తగ్గదు. మంట పుట్టించే క్యాప్సైసిను నీటిలో కరగదు మరి. పాలో, పెరుగో, ఒక చెంచా నెయ్యో అయితే ఉపశమనం కలుగుతుంది. పసుపులోని రంగు పదార్థమూ అంతే. నీళ్లు పోసి రుద్దితే చీర మీద మరక మొండికేస్తుంది, అదే రంగు పోపు నూనెలో చక్కగా దిగుతుంది. వడ్రంగులు లక్కను స్పిరిటులో కరిగించి పాలిష్ చేస్తారు, నీటిలో కరిగించలేరు. మన అనంతపురం సీమలో పండే వేరుశనగను గానుగ పట్టాక చెక్కలో ఇంకా కొంత నూనె మిగులుతుంది. దానిని హెక్సేనుతో కడిగి రాబట్టే సాల్వెంటు ప్లాంట్ల సంగతి మీరు వినే ఉంటారు. నూనెను తీశాక హెక్సేనును ఆవిరి చేసి వేరు చేస్తారు.

ఒంట్లో ఎక్కడ చేరుతుంది?

ఇక వైద్యానికి వద్దాము. మన శరీరంలోనూ ఈ రెండు జట్లున్నాయి. రక్తంలో అధిక భాగం నీరే. కాని చర్మం పైపొరలోని జిడ్డు, ప్రతి జీవకణం చుట్టూ ఉన్న పొర, నరాల మీది తొడుగు, మెదడు... ఇవన్నీ కొవ్వుతో కూడినవి. మెదడులోని నీటిని తీసివేసి తూచితే సగానికి పైగా కొవ్వు పదార్థాలే ఉంటాయి. చీర మీది నూనెను వెతుక్కుంటూ పోయే పెట్రోలు ఒంట్లో ప్రవేశిస్తే ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి.

చర్మానికి తగిలితే సహజమైన జిడ్డును కరిగించి తీసుకుపోతుంది. చర్మం ఎండి, పగిలి, దురద పుడుతుంది. పగిలిన చర్మం గుండా ఇంకా ఎక్కువ లోపలికి దిగుతుంది. ఆవిరిని పీల్చితే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి నిమిషాలలో మెదడుకు చేరుతుంది. తల తిరగడం, మత్తు, తలనొప్పి, వికారం వస్తాయి. ఒకప్పుడు శస్త్రచికిత్సలో మత్తుకు క్లోరోఫారం, ఈథరు వాడింది ఈ గుణాన్ని ఆధారం చేసుకునే. షెడ్డులో తూలిపోతున్న కార్మికుడు ఒక విధంగా వైద్యుడు లేని మత్తుమందు పుచ్చుకుంటున్నట్లే.

ఇది కాక కొన్నిటికి ప్రత్యేకమైన చెడ్డగుణాలున్నాయి. బెంజీను ఎముక మూలుగను దెబ్బతీస్తుంది. దీర్ఘకాలం పీల్చినవారికి రక్తహీనత, కొందరికి రక్త క్యాన్సరు వస్తాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే బెంజీను విషప్రభావాన్ని ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల పట్టికలో చేర్చింది. నేడు మన దేశంలో అమ్మే పెట్రోలులో బెంజీను 1 శాతానికి మించరాదని నిబంధన. హెక్సేను కాలేయంలో మార్పు చెంది నరాలను తినే పదార్థంగా తయారవుతుంది. జపానులో 1960ల నాటికే ఇళ్లలో చెప్పులు అతికించే పనివారికి జిగురులోని హెక్సేను వల్ల కాళ్లు చేతులు చచ్చుబడ్డాయి. కార్బన్ టెట్రాక్లోరైడును పూర్వం బట్టల మరకలకు విరివిగా వాడేవారు. అది కాలేయాన్ని, మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఓజోను పొరకూ చేటు కనుక ప్రపంచ ఒప్పందం ప్రకారం మన దేశంలో 2010 నాటికి అటువంటి వాడకాలకు స్వస్తి చెప్పారు.

ధర్మవరం సోదరికి

అమ్మా, పెట్రోలు మరకను తీస్తుందన్నమాట నిజమే. కాని ఇంట్లో ఆ పని చేయవద్దు. ఆవిరి పీల్చడం కన్నా పెద్ద ప్రమాదం నిప్పు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు, నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు, నేల మీద పాకి వంటగదిలోని పొయ్యిని, దేవుని గదిలోని దీపాన్ని చేరుకుంటుంది. సున్నా కన్నా 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా అంటుకునేంత ఆవిరిని ఇవ్వగలదు. పైగా పట్టును రుద్దితే విద్యుత్తు పుడుతుంది, చిన్న నిప్పురవ్వ చాలు. పొయ్యి ఆర్పేశాము కదా అని ధీమాగా ఉండటానికి వీలులేదు.

మీరు చేయవలసిన పని సులువైనది. మరక మీద పౌడరో, మెత్తని సుద్దపొడో మందంగా చల్లి ఒక రాత్రి ఉంచండి. నూనెను అది పీల్చుకుంటుంది. ఉదయం మెత్తని బ్రష్షుతో దులపండి. మిగిలితే మళ్లీ చేయండి. తరువాత డ్రైక్లీనింగుకు ఇచ్చి, మరక నూనెదని చెప్పండి. తెచ్చిన చీరను వెంటనే బీరువాలో పెట్టక నీడన, గాలి తగిలే చోట వాసన పోయేదాకా ఆరవేయండి. డ్రైక్లీనింగు అంటే నీరు లేకుండా ఉతకడమే కాని ద్రవం లేకుండా కాదు. అందులో పెట్రోలియం ద్రావణులో, పెర్‌క్లోరోఇథిలీనో వాడతారు. ఆ రెండవదాన్ని డ్రైక్లీనింగు నుంచి పదేళ్లలో తొలగించాలని అమెరికా పర్యావరణ సంస్థ 2024 డిసెంబరులో నియమం ప్రకటించింది. రోజూ ఆ పని చేసేవారి ఆరోగ్యం మీద ఆందోళనే దీనికి కారణం. పెట్రోలు వాష్ చేసే చిన్న దుకాణదారులు కూడా దీనిని గమనించాలి. మూసిన గదిలో పని చేయకూడదు. ఆవిరి కిందికి దిగుతుంది కనుక గాలిని బయటికి లాగే ఫ్యాను నేలకు దగ్గరగా ఉండాలి. గర్భిణులను ఆ పనికి పెట్టకూడదు.

హిందూపురం సోదరునికి

నీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట "ఆదివారం హాయిగా ఉంటుంది" అన్నది. పని ఉన్న రోజు వచ్చి, సెలవు రోజు పోయే తలనొప్పికి కారణాన్ని పని చేసే చోటనే వెతకాలి. ఈ మాట వైద్యుడు అడగకపోయినా నువ్వే చెప్పాలి. ఏ థిన్నరు, ఏ జిగురు వాడుతున్నావో డబ్బా మీది పేరు రాసుకొని తీసుకుపో.

తలనొప్పి ఆవిరి తగ్గితే తగ్గిపోవచ్చు. అరికాళ్ల తిమ్మిరిని మాత్రం ఉపేక్షించవద్దు. మధుమేహం వల్లా, బి12 విటమిను లోపం వల్లా కూడా తిమ్మిరి వస్తుంది కనుక ఆ రక్తపరీక్షలు ముందు చేయించుకో. అవి సరిగా ఉంటే నరాల పరీక్ష అవసరం. కొన్ని థిన్నర్లలో, జిగురుల్లో హెక్సేను కలిసి ఉంటుంది. ఈ నరాల జబ్బుకు ఒక విచిత్రమైన లక్షణం ఉంది. పని మానేసిన తరువాత కూడా కొన్ని వారాలు తిమ్మిరి పెరుగుతూ పోయి, ఆ తరువాతనే తగ్గుముఖం పడుతుంది. మానేసినా తగ్గలేదు కదా అని మళ్లీ అదే పనికి పోరాదు. కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఎంత తొందరగా గుర్తిస్తే అంత మేలు. ఒకసారి రక్తకణాల లెక్క కూడా చూపించుకో. ఈ.ఎస్.ఐ. కార్డు ఉంటే అక్కడే చూపించుకోవచ్చు.

ముక్కుకు రుమాలు కట్టుకుంటున్నానని రాశావు. రుమాలు దుమ్మును కొంత ఆపుతుందేమో కాని ఆవిరిని ఆపలేదు. బొగ్గు డబ్బీ అమర్చిన మాస్కు కావాలి. ఆ డబ్బీని గడువు ప్రకారం మార్చాలి. బెల్లం ముక్క, అరటిపండు, గ్లాసెడు పాలు విషాన్ని కడిగేస్తాయన్న నమ్మకం మన షెడ్లలో బాగా ఉంది. అవి ఆహారం, అంతే. ఊపిరితిత్తులకు పోయిన ఆవిరిని కడుపులోని బెల్లం ఏమీ చేయలేదు. పని అయ్యాక చేతులను థిన్నరుతో కడగడం మరొక పొరపాటు అలవాటు. నూనె రంగు కదా, దాని జట్టువాడే అయిన కొబ్బరినూనెతో రుద్ది, తరువాత సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది. పని చేసిన రోజు సాయంత్రం మద్యం ముట్టవద్దు. మత్తు మీద మత్తు, కాలేయానికి రెట్టింపు చాకిరీ.

హిందూపురం దగ్గర తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలున్నాయి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. రంగులు, జిగురులు, శుభ్రం చేసే ద్రవాలతో పనిచేసే యువకులు మన ప్రాంతంలో ఎక్కువవుతున్నారు. ప్రతి ద్రావణికి దాని ప్రమాదాలు, జాగ్రత్తలు తెలిపే పత్రం ఒకటి ఉంటుంది. దాన్ని చూపించమని అడగడం తప్పు కాదు.

పెనుకొండ అవ్వకు

అవ్వా, మీరు మంచికే చేశారు. చాలామంది చదువుకున్నవారు కూడా అలాగే చేస్తారు. కనుకనే ఈ సంగతి అందరికీ తెలియాలి. కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరు, టర్పెంటైను తాగినవారిని ఎట్టి పరిస్థితిలోనూ కక్కించకూడదు.

ఈ ద్రవాలు కడుపులో ఉన్నప్పుడు చేసే హాని తక్కువ. ఊపిరితిత్తులలోకి పోతేనే ప్రాణాపాయం. ఇవి పలుచగా జారి పరుచుకునే గుణం కలవి. వాంతి అయ్యేటప్పుడు ఒక్క చెంచాలో పాతిక వంతు శ్వాసనాళంలోకి జారినా చాలా దూరం పరుచుకుంటాయి. మన ఊపిరితిత్తులలోని గాలితిత్తులు ముడుచుకుపోకుండా లోపల ఒక పలుచని కొవ్వు పొర కాపాడుతూ ఉంటుంది. నూనె జట్టు ద్రవం ఆ పొరను కరిగించివేస్తుంది. గాలితిత్తులు ముడుచుకుపోయి వాపు వస్తుంది. మీ మనవడి ఆయాసానికి కారణం అదే.

అటువంటప్పుడు చేయవలసినది ఇది. నోరు తుడవండి. తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడగండి. ఉప్పునీళ్లు, పాలు, నూనె ఏవీ తాగించవద్దు, గొంతులో వేలు పెట్టవద్దు. తానంతట వాంతి వస్తుంటే బిడ్డను పక్కకు తిప్పి, తల కిందికి ఉండేలా పట్టుకోండి. 108కు ఫోను చేయండి. సీసాను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. బిడ్డ ఆడుకుంటున్నా సరే, కనీసం ఆరు గంటలు వైద్యుల కనిపెట్టులో ఉంచాలి. దగ్గు, ఎగశ్వాస, మగత, పెదవులు నీలమవడం, జ్వరం... వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయరాదు. కిరసనాయిలు స్టవ్వులు తగ్గిపోయాయి కనుక ఈ ప్రమాదం పోయిందనుకోకండి. దోమల మందు ద్రవం సీసాలో ఉండేది కూడా చాలావరకు శుద్ధి చేసిన కిరసనాయిలు వంటిదే.

నీటితో కలిసేవి మంచివా?

నూనె జట్టు ఇంత చెడ్డదైతే నీటిలో కలిసే ద్రావణులు మేలు కదా అనుకునేరు. వాటి దారి వేరు, అంతే. మిథైల్ ఆల్కహాలు చూడటానికి, వాసనకు మామూలు సారాలాగే ఉంటుంది. నీటిలో కలిసిపోయి ఒళ్లంతా పాకుతుంది. కాలేయంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. అందుకు సగం రోజు నుంచి ఒక రోజు పట్టవచ్చు. అంతవరకు మనిషి మామూలుగానే ఉంటాడు. తరువాత కడుపునొప్పి, ఆయాసం, చూపు మసకబారడం. రెండు చెంచాల స్వచ్ఛమైన మిథైల్ ఆల్కహాలు కంటిచూపు పోగొట్టడానికి చాలు. తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 2024 జూన్‌లో అరవై మందికి పైగా చనిపోయింది మిథైల్ ఆల్కహాలు కలిసిన కల్తీసారా తాగే. మన రాష్ట్రంలోనే ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జూలై చివరిలో, మద్యం దొరకక శానిటైజరు తాగి పదిమందికి పైగా మరణించారు. చేతికి రాసుకునేది కడుపులోకి పోయేది కాదు. తాగినవాడు బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో కూర్చోరాదు. ఆ నిశ్చింత సమయంలోనే విరుగుడు మందు బాగా పనిచేస్తుంది.

మందులను కరిగించడానికి కూడా నీటి జట్టు ద్రావణులు కావాలి. తియ్యగా ఉండే డైఇథిలీన్ గ్లైకాలును అలా వాడి 1937లో అమెరికాలో వందమందికి పైగా చనిపోయారు. అది మూత్రపిండాలను చంపుతుంది. ఇన్నేళ్లకు, 2025లో, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో అదే విషం కలిసిన దగ్గు సిరప్పు ఇరవైమంది దాకా పిల్లలను బలిగొన్నది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు సిరప్పులు ఇవ్వరాదని కేంద్ర ఆరోగ్యశాఖ అప్పుడు సూచించింది. దుకాణంలో అడిగి తెచ్చుకునే అలవాటు మానండి. మందు తాగుతున్న బిడ్డకు మూత్రం తగ్గితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

ఏ ద్రావణినీ నీళ్ల సీసాలో, శీతల పానీయం సీసాలో పోయవద్దు. వచ్చిన డబ్బాలోనే, మూత బిగించి, పిల్లలకు అందని ఎత్తులో, పొయ్యికి దూరంగా ఉంచండి. రంగుల పని అయిన రోజునే మిగిలినదాన్ని పనివారినే తీసుకుపొమ్మని చెప్పండి. రంగు వేసిన గదిలో ఆ రాత్రి చంటిబిడ్డలను, గర్భిణులను పడుకోబెట్టవద్దు. గోళ్లరంగు తుడిచేటప్పుడు కిటికీ తెరవండి. కంట్లో పడితే పదిహేను నిమిషాలపాటు ధారగా మంచినీళ్లతో కడిగి, తరువాత వైద్యునికి చూపండి. వాసనకు అలవాటుపడ్డాము కనుక ఏమీ కాదనుకోవద్దు. ముక్కు అలవాటుపడుతుంది కాని మెదడు, నరాలు అలవాటుపడవు.

పక్కింట రంగులు వేస్తుంటే ఈ పేజీ వారికి కూడా చదివి వినిపించండి. అన్నీ మరచినా రెండు మాటలు గుర్తుంచుకుంటే చాలు: థిన్నరు తాగిన బిడ్డను కక్కించవద్దు, స్పిరిటు తాగినవాడు బాగున్నా ఆగవద్దు.